సైగాన్‌లో రెండో భోజనం

సైగాన్‌లో దిగిన మూడో రోజుకే నాకు హోటలు తిండి మొహం మొత్తింది. పొద్దున హోటలు, మధ్యాహ్నం హోటలు, సాయంత్రం హోటలు. ఎక్కడికి వెళ్ళినా గుండ్రటి బల్ల, బల్లకు పది మంది, పది మందికీ కలిపి ఆరు వంటకాలు, ఒక సూపు. ఏది నోట్లో పెట్టుకున్నా తీపి. చేపలో చక్కెర, పంది మాంసంలో చక్కెర, ఆఖరికి వేయించిన ఆకుకూరలో కూడా చక్కెర. మంచినీళ్ళ గ్లాసులో సగం ఐసే. ఆ చల్లదనానికి నా పళ్ళు జివ్వుమనేవి. రాత్రి మంచం మీద వాలితే కాళ్ళు రెండూ పొంగిన పిండిలా ఉండేవి.

మేమంతా హనోయ్‌లో ఒకే పేటలో ఉండే రిటైరైన వాళ్ళం. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. పేట సంఘం ఏర్పాటు చేసిన యాత్ర ఇది. రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చాం. బస్సెక్కిన ప్రతిసారీ నేను తలలు లెక్కపెడతాను. ముప్పై ఒకటి వచ్చేదాకా నాకు ఊపిరాడదు. ఆ పనికి గైడు ఉన్నాడు, నన్నెవరూ అడగలేదు. అయినా లెక్కపెడతాను. మేం దిగిన బస చిరునామా కాగితం మీద రాసి జాకెట్టు లోపలి జేబులో పెట్టుకుని, జేబుకు పిన్నీసు పెట్టుకున్నాను. గంటకోసారి పైనుంచి తడిమి చూసుకుంటాను.

మా బల్లల దగ్గర ఇంకో తంతు ఉంది. మా వైపు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను పేరుపేరునా "భోంచేయండి" అని పిలవందే ముద్ద ముట్టరు. పెద్దవాళ్ళు "ఊఁ, తిను" అనందే చిన్నవాళ్ళు గిన్నె ఎత్తరు. ఇంట్లో అయితే నలుగురో ఐదుగురో ఉంటారు కాబట్టి క్షణంలో అయిపోతుంది. ఇక్కడ బల్లకు పది మంది. మా బల్ల దగ్గర అందరిలోకీ చిన్నావిడకు యాభై ఎనిమిదేళ్ళు. ఆవిడ తొమ్మిది మందిని పిలవాలి. ఆ తర్వాతి ఆవిడ ఎనిమిది మందిని పిలవాలి. సూపు మీద నూనె తెట్టు కడుతుంటే మేమింకా పిలుచుకుంటూనే ఉంటాం.

మూడో రోజు మధ్యాహ్నం వడ్డించే అమ్మాయి ఒకతి ట్రే పట్టుకుని నిలబడి, వెనకనున్న స్నేహితురాలితో అంది.

"చూశావుటే, హనోయ్ మామ్మలు. అన్నం దగ్గర కూడా హాజరు పట్టీ చదువుతారు."

నా పక్కన కూర్చున్న ఖ్వే ఆ మాట విననే విన్నది. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో పంతులమ్మగా చేసింది. వెనక బెంచీ గుసగుసలు ఇప్పటికీ ఆవిడ చెవి దాటిపోవు.

"నవ్వవే తల్లీ, నవ్వు. మీ ఊళ్ళో పక్క మనిషిని పలకరించకుండానే తినేస్తారుగా. ఆ ముద్ద దిగడానికే కూరలో ఇంత చక్కెర పోసుకుంటున్నారు."

బల్లంతా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఏమే మియెన్, మెతుకులు కూడా లెక్కపెడుతున్నావా?" అంది ఖ్వే.

"ఈ ఊళ్ళో నాకో చెల్లెలుంది" అన్నాను.

"సొంత చెల్లెలా?"

"సొంత చెల్లెలే. దియెప్ అని, నాకంటే నాలుగేళ్ళు చిన్న."

"మూడు రోజులుగా మాతో ఆ మ్యూజియం, ఈ మార్కెట్టు అని తిరుగుతున్నావు. చెల్లెలుందని ఇప్పుడా చెప్పడం? వెళ్ళి హాయిగా దాని ఇంట్లో తినక, ఈ చక్కెర చేపలేంటి నీకు?"

"పోయినసారి దాని ఇంట్లో తినకుండా లేచి వచ్చేశాను."

"ఎప్పుడు, పోయినసారి?"

"డెబ్భై ఆరులో."

ఖ్వే చేతిలోని తినే పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టేసింది. "ఇరవై రెండేళ్ళ అజీర్తి అన్నమాట" అంది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపుకుంది.

ఖ్వేకు ఆ రోజు కొంచెమే చెప్పాను. అసలు సంగతి ఇది.

యాభై నాలుగులో దేశం ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలైనప్పుడు దియెప్ మొగుడితో కలిసి దక్షిణాదికి వెళ్ళిపోయింది. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్ళు. నేను అమ్మ దగ్గర ఉండిపోయాను. ఆ మర్నాడు భోజనానికి కూర్చుని, ఎప్పటిలాగే "అమ్మా, భోంచేయి" అన్నాను. అమ్మ నా వైపు చూడకుండా, చాప మీద ఖాళీగా ఉన్న చోటు వైపు చూసి, "ఊఁ, తినండి ఇద్దరూ" అంది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆ తర్వాత కూడా అలాగే అనేది. డెబ్భై ఒకటిలో అమ్మ పోయింది. దక్షిణాదికి ఉత్తరం కూడా వెళ్ళని రోజులవి. యుద్ధం ఆగి దారి తెరుచుకోగానే అనుమతి కాగితం పట్టుకుని, లారీలు మారుతూ ఐదు రోజులు ప్రయాణం చేసి దియెప్ ఇంటికి చేరాను. అమ్మ ఆ మాట అనేదని దానికి చెప్పడానికే వెళ్ళాను. ఉత్తరంలో రాస్తే చచ్చుగా ఉంటుందని, భోజనం దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలని దాచుకుని తీసుకెళ్ళాను.

ఆ సాయంత్రం దియెప్ చేప పులుసు పెట్టింది. అది, దాని మొగుడు, ముగ్గురు పిల్లలు. వాళ్ళందరిలోకీ పెద్దదాన్ని నేను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కరు కూడా "భోంచేయి" అని పిలవలేదు. మొగుడు "కానివ్వండి, కానివ్వండి" అని తన గిన్నె ఎత్తాడు. పిల్లలు తినడం మొదలుపెట్టారు. దియెప్ తల వంచుకుని అన్నంలో పులుసు పోసుకుంటోంది. కడుపులో బాగాలేదని చెప్పి లేచాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. అప్పటినుంచి కొత్త సంవత్సరానికి ఒక ఉత్తరం. అందరూ క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను. అంతే. దాని మొగుడు పోయిన సంగతి కూడా అలాంటి ఉత్తరంలోనే, మూడో వాక్యంలో తెలిసింది.

యాభై నాలుగు, డెబ్భై ఆరు, తొంభై ఎనిమిది. ఇరవై రెండేళ్ళకొకసారి. ఇంకోసారి కలవాలంటే నాకు ఎనభై ఎనిమిదేళ్ళు రావాలి. ఈ కాళ్ళతో ఆ ఇంకోసారి ఉండదని నాకు తెలుసు. అమ్మ మాట ఇంకా నా దగ్గరే ఉంది. అది దానికి చేరకుండానే మేమిద్దరం పోతామేమోనన్న భయం రైలెక్కిన దగ్గర్నుంచీ నన్ను పట్టుకుంది. ఈసారీ చెప్పకుండానే లేచొస్తానేమోనని మూడు రోజులు తిరుగుతూ కూడా ఫోను చేయలేదు.

"ఫోను నెంబరుందా?" అని అడిగింది ఖ్వే.

"ఉంది."

"అయితే లే. నేను పక్కన నిలబడతాను. నువ్వు మాట్లాడకపోతే నేనే మాట్లాడతాను, ఆపైన నీ పరువు నీ ఇష్టం."

ఫోను ఎత్తింది దియెప్ చిన్న కూతురు ఉయెన్. నేను వెళ్ళినప్పుడు పన్నెండేళ్ళ పిల్ల. ఇప్పుడు ఏదో ఆఫీసులో పనిచేస్తోంది. "పెద్దమ్మా! సైగాన్‌లోనా? ఎక్కడ? ఎప్పుడొచ్చావు? అమ్మా, పెద్దమ్మే!" అని అరిచింది. అవతల ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఏదో గుసగుసలాడారు. మళ్ళీ ఉయెన్ గొంతే వచ్చింది. "అమ్మ మందు వేసుకుంటోంది పెద్దమ్మా. రేపు మధ్యాహ్నం నీకు ఖాళీయేనా? మంచి హోటలుకు తీసుకెళ్తాం. నీకు నచ్చేదే. చూద్దువుగాని."

ఇంటికి రమ్మనలేదు. ఫోను పెట్టేశాక ఆ సంగతి ఖ్వేతో అన్నాను.

"ఇంట్లో పెడితే తినకుండా లేచావుగా. హోటల్లో అయితే లేచినా వండినవాడికి బాధ ఉండదు" అంది ఖ్వే.

ఆ రాత్రి పడుకుని ఒక నిర్ణయానికి వచ్చాను. పిలిచినా సరే, పిలవకపోయినా సరే, రేపు తింటాను. పిలుపు కోసం చూడను. గిన్నె ముందుకు రాగానే ముద్ద నోట్లో పెట్టుకుంటాను. తిన్నాక ఆ మాట చెప్పేస్తాను. అలా అనుకున్నాక కూడా తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఉయెన్ టాక్సీలో వచ్చి తీసుకెళ్ళింది. హోటలు పేరు రెండుసార్లు చదివాను. "పాత హనోయ్" అని పెద్ద అక్షరాలు. లోపల గోడ నిండా మా ఊరి చెరువు బొమ్మ, చెరువు మధ్యలో రాతి గోపురం. వడ్డించే అమ్మాయిలకు మా అమ్మమ్మల కాలం నాటి గోధుమరంగు జాకెట్లు, తలకు చుట్ట కట్టిన గుడ్డ. నోరు తెరిస్తే మాత్రం అంతా సైగాన్ యాసే.

"ఎలా ఉంది పెద్దమ్మా? నీకోసం వెతికి వెతికి పట్టుకున్నాను" అంది ఉయెన్ మురిసిపోతూ.

"బాగుందమ్మా" అన్నాను. రెండు రాత్రులు రైల్లో కూర్చుని మా ఊరి బొమ్మ చూడటానికి వచ్చినట్టయింది నాకు. నిజంగా తినాలని ఉన్నది ఉడికించిన తూటికూర, ఆ నీళ్ళలో పిండిన నిమ్మకాయ, ఇంత వేడన్నం. అది ఈ ఊళ్ళో ఎవరినడగాలో తెలియదు.

దియెప్ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. పక్కన ఉయెన్ కూతురు, ఏడేళ్ళది. దాన్ని అందరూ ఉడతా అని పిలుస్తారట. దియెప్ జుట్టు మెడదాకా కత్తిరించుకుంది. గొడుగును చేతికర్రలా పట్టుకుని సగం లేచింది.

"లావయ్యావు అక్కా."

"నువ్వు చిక్కావు."

అంతే మా పలకరింపు. దియెప్ మళ్ళీ కూర్చుని, నా గ్లాసులోని ఐసు చెంచాతో తీసి తన గ్లాసులో వేసుకుంది. నా పళ్ళ సంగతి దానికెలా తెలుసో అడగలేదు. మా అమ్మకూ అలాగే ఉండేది.

"ఈసారైనా తింటావని ఇక్కడికి తీసుకొచ్చాం" అంది నా వైపు చూడకుండా. "మా చేతి వంట నీకు సయించదుగా."

"అమ్మా" అంది ఉయెన్.

"ఏమన్నాను? ఉన్నమాటే అన్నాను."

తిండి వచ్చింది. తెల్లటి బియ్యపు సేమ్యా, నిప్పుల మీద కాల్చిన మాంసం, ఉప్పులో ఊరిన చేపల ఊట కలిపిన పులుసు, ఒక బుట్ట నిండా పచ్చి ఆకులు. మా వీధి చివర రోజూ అమ్మేదే. గిన్నె నా ముందుకు రావడమే ఆలస్యం, పుల్లలు తీసుకుని పెద్ద మాంసం ముక్క ఒకటి నోట్లో కుక్కుకున్నాను. సేమ్యా కూడా కలిపి. నమలడానికి చోటు లేనంత.

సరిగ్గా అప్పుడు ఉడత కుర్చీ దిగి, రెండు చేతులూ కట్టుకుని నా ముందు నిలబడింది.

"పెద్దమ్మమ్మా, భోంచేయండి" అంది పాఠం అప్పజెప్పినట్టు.

నా నోరు నిండా ఉంది. దవడలు కదలడం లేదు. ఉయెన్ మొహం ఎర్రబడింది. "అయ్యో... ఆఫీసులో హనోయ్ ఆవిడ ఉంది పెద్దమ్మా. మీ వైపు ఇలా పిలవాలని ఆవిడే చెప్పింది. నిన్న సాయంత్రం నుంచి దీనికి నేర్పుతున్నాను."

"ఊఁ, ఊఁ" అన్నాను ఎలాగో. పులుసు గడ్డం మీదికి కారింది.

"అమ్మా, పెద్దమ్మమ్మ ముందే మొదలెట్టేసింది!" అని ఉడత పకపకా నవ్వింది. ఉయెన్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇరవై రెండేళ్ళు ఏ పిలుపు కోసం అలిగి కూర్చున్నానో ఆ పిలుపు వచ్చేసరికి నేను ఆబగా తింటూ దొరికిపోయాను. నాకూ నవ్వొచ్చేదే, దియెప్ మొహం చూడకపోయి ఉంటే. అది పాలిపోయి ఉంది.

ఉడత, తల్లి చెప్పినట్టే, ఈసారి దియెప్ వైపు తిరిగి చేతులు కట్టుకుంది.

"అమ్మమ్మా, భోంచేయండి."

దియెప్ పలకలేదు.

"అమ్మమ్మా, భోంచేయండి."

"అమ్మా, ఊఁ అను. నువ్వు ఊఁ అంటేగానీ అది తినకూడదట" అంది ఉయెన్.

"అమ్మమ్మకి వినపడలేదేమో" అని ఉడత గొంతు పెంచింది. "అమ్మమ్మా! భోంచేయండి!"

పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. దియెప్ గిన్నె బల్ల మీద పెట్టేసి, కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "చేతులు కడుక్కొస్తాను" అని గొడుగు కూడా మర్చిపోయి వంటింటి వైపు నడిచింది.

నోట్లోది మింగడానికి నాకు కొంత సమయం పట్టింది. మింగి, వెనకే వెళ్ళాను.

వంటింటి వెనక సందులో చేతులు కడుక్కునే చోటు ఉంది. అక్కడ ఇద్దరు మనుషులు మాంసం కాలుస్తూ బొగ్గుల మీద విసనకర్ర విసురుతున్నారు. సందంతా పొగ. దియెప్ కుళాయి కింద చేతులు పెట్టి రుద్దుతోంది.

"చేతులు శుభ్రంగానే ఉన్నాయిగా" అన్నాను.

"నువ్వెందుకొచ్చావు? వెళ్ళి తిను. పిలవకముందే అందుకున్నావు, ఆకలి మీదున్నట్టున్నావు."

"పిలవరని అందుకున్నాను. పోయినసారి పిలవలేదుగా."

కుళాయి కింద చేతులు ఆగిపోయాయి.

"అందుకా లేచిపోయావు?"

"మరెందుకనుకున్నావు?"

"చేప బాలేదనుకున్నాను" అంది. "ఆ చేప కోసం కుట్టు మిషను ఇచ్చేశాను అక్కా. ఆ రోజుల్లో సైగాన్‌లో ఏం దొరికేది? నువ్వు కడుపులో బాలేదన్నావు. రాత్రి నువ్వు లేచి, నీ సంచీలో తెచ్చుకున్న ఎండు రొట్టె తిన్నావు. చప్పుడు విన్నాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రొట్టె సంగతి నేనే మర్చిపోయాను.

"ఎందుకు పిలవలేదే మరి? ఇన్నేళ్ళు దక్షిణాదిలో ఉండి మర్చిపోయావనుకున్నాను. పిల్లలకు పద్ధతి నేర్పలేదనుకున్నాను."

"దక్షిణాది ఏం చేసింది పాపం, దాని మీద పడతావు. నేనే నేర్పలేదు. పెద్దది బళ్ళో ఎక్కడో నేర్చుకుని ఒకసారి అంటే నోరు మూయించాను. మా ఇంట్లో ఆ మాట ఉండకూడదని."

"ఎందుకని?"

దియెప్ కుళాయి కట్టేసింది. తడి చేతులు జాకెట్టుకే తుడుచుకుంది.

"నేను వెళ్ళిన పొద్దున నువ్వు అక్కడే ఉన్నావు. చూడలేదా? మూడుసార్లు పిలిచాను."

చూశాను. అది చెప్పగానే నాకు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. చాప మీద మూడు గిన్నెలు. వీధిలో రిక్షా, అందులో మూటలు పట్టుకుని దాని మొగుడు. దియెప్ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని "అమ్మా, భోంచేయి" అంది. అమ్మ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. మళ్ళీ అంది. మూడోసారి ఇంకా గట్టిగా అంది. అమ్మ నోరు విప్పలేదు. దియెప్ గిన్నె కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మొగుడి బలం చూసుకుని పొగరుగా లేచిందనుకున్నాను అప్పుడు. నలభై నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను. పిలిచిన పిల్ల జవాబు లేకుండా తినలేదని, ఆ పద్ధతి నేర్పింది మా అమ్మేనని, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఊఁ అనకపోతే తినకూడదని చెప్పింది ఆవిడే. అనలేదు" అంది దియెప్. "ఓడ ఎక్కేదాకా అనుకుంటూనే ఉన్నాను, ఎవరైనా పరిగెత్తుకొచ్చి అమ్మ ఊఁ అందని చెబుతారేమోనని. ఎవరూ రాలేదు. ఓడలో అన్నం పెడితే తినలేకపోయాను. ఆ తర్వాత ఇంక ఎవర్నీ పిలవలేదు. అత్తగారినీ పిలవలేదు. చాలా తిట్లు తిన్నాను."

అప్పుడు చెప్పాను. నేను అనుకున్నట్టు కూర్చోబెట్టుకుని కాదు. పొగలో దగ్గుతూ, తడి నేల మీద జారకుండా గోడ పట్టుకుని చెప్పాను. అమ్మ ఖాళీ చోటు వైపు చూసి "తినండి ఇద్దరూ" అనేదని.

దియెప్ నన్నే చూసింది.

"కల్పించి చెబుతున్నావు."

"నాకు కల్పించడం వచ్చా?"

"ఎందుకు రాదు? చిన్నప్పుడు నా వాటా చెరుకు ముక్క తినేసి కుక్క ఎత్తుకుపోయిందన్నావు."

"అది నిజంగా కుక్కే ఎత్తుకుపోయింది."

"మనకసలు కుక్కే లేదు."

"పక్కింటి వాళ్ళది."

విసనకర్ర విసురుతున్న మనిషి మా వైపు చూసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. దియెప్ గొంతు తగ్గించింది.

"నిజంగా అందా?"

"అమ్మ మీద ఒట్టు."

"డెబ్భై ఆరులోనే చెప్పచ్చుగా."

"అది చెప్పడానికే వచ్చాను. నువ్వు భోజనానికి పిలవలేదు."

అది నేల మీది నీళ్ళు చెప్పుతో పక్కకు తోసింది. తర్వాత "మనిద్దరం గాడిదలం" అంది. నవ్వలేదు. అలిసిపోయిన దానిలా అంది.

"రోజూ అనేదా?"

"రోజూ."

"బాంబుల భయానికి నువ్వు పనిచేసే మిల్లు పల్లెకు మారితే, నువ్వూ వెళ్ళిపోయిన రోజుల్లో?"

"ఒక్కతే కూర్చుని కూడా అనేదట. పక్కింటావిడ విన్నదట."

ఇక్కడ నిజం చెప్పాలి. మొదటి ఏడాది అమ్మ రోజూ అన్నది. అది నాకు బాగా గుర్తు. ఆ తర్వాత నేను మిల్లు నుంచి వచ్చి హడావిడిగా తిని పడుకునేదాన్ని. అమ్మ "ఊఁ" అన్నదో, "ఊఁ తినండి" అన్నదో పట్టించుకునేంత ఓపిక ఉండేది కాదు. పక్కింటావిడ తను ఒక్కసారి విన్నానని చెప్పింది. ఒకే ఒక్కసారి. నేను దియెప్‌తో "రోజూ" అని చెప్పాను. అది అబద్ధమో కాదో నాకు తెలియదు. ఆ పొగలో దాని మొహం చూస్తూ మరో మాట చెప్పలేకపోయాను.

మేం తిరిగి వచ్చేసరికి ఉడత చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు. దాని గిన్నె ముట్టలేదు.

"తినమంటే తినదు" అంది ఉయెన్ విసుగ్గా. "నేర్పినందుకు నాకే శాస్తి అయింది. అమ్మమ్మ ఊఁ అనలేదు, నేను తినకూడదు అంటోంది. కడుపులోంచి గురగురమని చప్పుడొస్తున్నా సరే."

దియెప్ కూర్చుంది. ఆ పిల్ల వైపు కుర్చీ జరుపుకుంది.

"ఇందాక ఏమన్నావే?" అని అడిగింది.

"మూడుసార్లు అన్నాను" అంది ఉడత మూతి ముడుచుకుని. "ఇంక అనను."

దియెప్ చెయ్యి బల్ల అంచు మీదికి వెళ్ళింది. మళ్ళీ లేస్తుందేమో అనుకున్నాను. లేస్తే పట్టుకుందామని బల్ల కింద దాని జాకెట్టు అంచు కూడా పట్టుకున్నాను.

"సరే, అనకు. నువ్వు అన్నది నాకు వినపడింది" అంది. "ఊఁ. తిను."

పిల్ల తల్లి వైపు చూసింది. ఉయెన్ తల ఊపింది. ఇక ఆ పిల్ల రెండు చేతుల్తో గిన్నె ఎత్తి, ఊపిరి కూడా తీసుకోకుండా తినడం మొదలుపెట్టింది.

"నెమ్మదిగా. ఎవరూ లాక్కోరు" అని దియెప్ దాని వీపు మీద తట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నా జాకెట్టు వదులు. కొత్తది" అంది.

అది నన్ను పిలవలేదు. నేనూ పిలుపు కోసం చూడలేదు. ఇద్దరం పుల్లలు తీసుకున్నాం. మాంసం చల్లారి కొవ్వు తెల్లగా పేరుకుంది. పులుసు పానకంలా ఉంది. దియెప్ ఒక ముద్ద నమిలి మొహం చిట్లించింది.

"హనోయ్ వంట ఇంత తియ్యగా ఉంటుందా? నేనే మర్చిపోయానా?"

"ఉండదు. ఇది మీ ఊరి హనోయ్."

"అంత వెతికి తీసుకొస్తే!" అని ఉయెన్ నొచ్చుకుంది.

"నువ్వు ఊరుకోవే. మీ పెద్దమ్మ తింటోంది. చాలు."

నిజానికి నాకు ఆకలి ఎప్పుడో చచ్చిపోయింది. ముద్ద ముద్దకూ నీళ్ళు తాగి మింగాను. దియెప్ కూడా అంతే. మధ్యమధ్యలో అది అడుగుతూనే ఉంది. అమ్మ చివర్లో ఏం తినగలిగేది, పళ్ళు ఎన్ని మిగిలాయి, చాప ఎటువైపు వేసుకునేవాళ్ళు. దేనికైనా గుర్తున్నంత చెప్పాను. గుర్తులేనిది గుర్తులేదన్నాను. ఆ ఒక్క మాట దగ్గర తప్ప.

గిన్నెలు ఖాళీ చేశాక ఉయెన్ పిల్లను తీసుకుని టాక్సీ పిలవడానికి రోడ్డు మీదికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే మా రైలు. నేనూ దియెప్ గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఇన్నేళ్ళలో ఎన్నో గుమ్మాల దగ్గర ఇలా నిలబడ్డాను. వెళ్ళేవాళ్ళకు ఏదో ఒకటి చెప్పి పంపాలని మనసు పీకుతుంది. ఒక్కసారి హనోయ్ రా, అమ్మ సమాధి చూద్దువుగాని అందామనుకున్నాను. దియెప్ అంతకుముందే అందుకుంది.

"నేను రాలేను అక్కా. రైల్లో రెండు రాత్రులు నావల్ల కాదు. నువ్వూ ఇంక రాకు. నీ కాళ్ళు చూశాను."

"మరి?"

"మరేముంది? భోంచేశాంగా."

ఆ మాటకు ఏడుపు రావాలి. నాకు రాలేదు. ఎండ మండుతోంది, మోకాళ్ళు సలుపుతున్నాయి, కడుపు బరువుగా ఉంది. దియెప్ కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. గుమ్మం పక్కన ఎత్తు తక్కువ ప్లాస్టిక్ కుర్చీలు దొంతరగా పెట్టి ఉంటే, రెండు లాగి, నీడలో వేసుకుని కూర్చున్నాం. టాక్సీ రావడానికి చాలాసేపు పట్టింది.